టీవీ వెనక వైరు

ఫిబ్రవరి 2, ఆదివారం

చెల్లి వచ్చింది, వెళ్ళింది. అమ్మకి చెవి మిషన్ తెచ్చింది.

రెండు చిన్న గింజలు. చెవి వెనక దాక్కుంటాయి, బయటికి కనపడవు. వాటికో తెల్లటి పెట్టె, సబ్బుపెట్టె అంత. మూత తీస్తే రెండు గుంటలు, అడుగున పిన్నులు. పడుకునే ముందు మిషన్లు అందులో పెట్టాలి. నారింజ దీపం వెలిగితే చార్జింగ్ ఎక్కుతున్నట్టు, ఆకుపచ్చ వెలిగితే నిండినట్టు. ఈ పెట్టె తప్ప ఇంకే చార్జరూ వాటికి పనికిరాదు. పెట్టె పోతే మిషన్లు రెండూ గులకరాళ్ళే. ఇదంతా చెల్లి నాకు మూడుసార్లు చెప్పింది. బస్‌స్టేషన్‌లో చార్జింగ్ కౌంటర్ నడిపేది నేను. రోజుకి రెండు వందల ఫోన్లు పుచ్చుకుని, టోకెన్లిచ్చి, దేనికి ఏ పిన్ను పడుతుందో చేత్తో తడిమి చెప్పేది నేను. అయినా బుద్ధిగా తలూపాను.

మిషన్ పెట్టగానే అమ్మ కాసేపు ఊపిరి బిగపట్టి కూర్చుంది. తర్వాత చెల్లి వైపు తిరిగి, "చిన్నదానా, నీ గొంతు ఎంత మారిందే" అంది.

ఆరేళ్ళుగా అమ్మ చెవిలో అరిచి అరిచి బొంగురుపోయింది నా గొంతు. మారింది నాది. నా గొంతు గురించి ఏమీ అనలేదు.

పెట్టెతో వైరు ఇచ్చారు గాని అడాప్టర్ ఇవ్వలేదు. ఈ రోజుల్లో ఎవరూ ఇవ్వడంలేదు. చెల్లి తన ఫోన్ అడాప్టర్ పెట్టి చూపించి, వెళ్తూ వెళ్తూ అది పట్టుకుపోయింది. మా కౌంటర్లో డ్రాయర్ నిండా ఉన్నాయి, రేపొకటి తేవాలి. ఈ పూటకి వైరు టీవీ వెనక యూఎస్‌బీలో గుచ్చాను.

ఫిబ్రవరి 3, సోమవారం

ఎప్పటిలాగే అయిదింటికి చెల్లి ఫోన్. ఇదివరకు అది నాతో మాట్లాడేది, నేను అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేదాన్ని, అమ్మ చెప్పింది మళ్ళీ దానికి చెప్పేదాన్ని. నేను లేకపోతే వాళ్ళిద్దరికీ మాట లేదు. ఇవాళ అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. నలభై నిమిషాలు. నేను టీ పెట్టి తెచ్చి స్టూలు మీద పెడితే, పెట్టిన మనిషి వైపు చూడలేదు. చల్లారిపోయాక తాగింది.

ఏం నవ్వుకున్నారో తెలియదు. అడిగితే "ఏదో లేవే, పిల్లల సంగతులు" అంది. అంటే నాకు పిల్లలు లేరు కాబట్టి అర్థం కాదనా?

అనలేదు. నేనే అనుకున్నాను. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అడాప్టర్ మర్చిపోయాను. రేపు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మధ్యాహ్నం డ్యూటీ దిగి మూడింటికి ఇంటికొచ్చేసరికి అమ్మ చెవి తట్టి చెయ్యి ఊపింది. "పొద్దున్న కిటికీ దగ్గర పావురాలు కూడా వినపడ్డాయే. ఇప్పుడు ఏమీ లేదు."

కొత్త వస్తువు, కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందన్నాను. వినపడలేదు. చెవిలో చెప్పాను.

అయిదింటికి ఫోన్. అమ్మ నా ముంజేయి పట్టుకుని, తల నా నోటి దగ్గరికి వంచింది, ఎప్పటిలాగే. చెల్లి అటు నుంచి "ఏమైంది, ఏమైంది" అని ఒకటే గోల. దానిది చిన్నప్పటి నుంచీ మైకు గొంతు.

నాకు బాగుంది. అమ్మకి వినపడనందుకు కాదు. ఊరికే బాగుంది.

ఫిబ్రవరి 6, గురువారం

ఇవాళ కౌంటర్లో ఒక పెద్దమనిషితో తగువు. వెయిటింగ్ హాల్లో గోడకున్న టీవీకి తన ఫోన్ వైరు గుచ్చుకుని గంటన్నర కూర్చున్నాడట. మధ్యలో సూపర్‌వైజర్ టీవీ ఆపేశాడు. ఫోన్ ఎక్కలేదు, బస్సు టికెట్ అందులో ఉంది, బస్సు కదులుతోంది. నా మీదికొచ్చాడు. "టీవీ ఆపితే దాని వెనక కరెంటు ఉండదు నాయనా, వైరు గుచ్చితే సరిపోయిందా, దీపం చూసుకోవద్దా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ మాట నేనే అన్నాను, నా నోటితో.

మా ఇంట్లో అమ్మ ఎనిమిదింటికి మిషన్లు పెట్టెలో పెట్టి పడుకుంటుంది. నేను తొమ్మిదిదాకా టీవీ చూసి ఆపేస్తాను. ఆ గంటసేపు ఎక్కిందే ఎక్కడం. ఇంటికొచ్చాక వైరు సంగతి చూద్దామనుకున్నాను. అలసిపోయాను. ఎవరికైనా పొరపాట్లు జరుగుతాయి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అడాప్టర్ తేలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

చెల్లి అడిగింది. "అక్కా, పొద్దున్న లేచేసరికి ఆకుపచ్చ వెలుగుతోందా?"

"వెలుగుతోంది" అన్నాను.

"మరి మధ్యాహ్నానికే ఎందుకు అయిపోతోంది? వస్తువే పాడైందేమో. ఇక్కడ మా వీధి చివరే చెవి డాక్టరు ఉంది, మిషన్ సరిచేసేది కూడా ఆవిడే. అమ్మని పంపించు. కింది గది ఖాళీ చేయించాను, మెట్లెక్కే పని లేదు. మూడు నెలలుంటుందో, ఉండిపోతుందో, అమ్మ ఇష్టం. అడుగు."

అమ్మ నా ముఖం చూస్తోంది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, అమ్మ చెవిలో "చిన్నది బాగున్నావా అని అడుగుతోంది. పనెక్కువగా ఉందట" అన్నాను.

అమ్మ నన్నే చూసింది కొంతసేపు. "బాగున్నానని చెప్పు" అంది.

చెల్లితో "ఆలోచించుకుంటుందట" అన్నాను.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని ఊరికే అనలేదు. కానీ పిల్లికి కూడా ఒక మాట చెప్పుకునే హక్కుండాలి కదా. ఆరేళ్ళు ఎవరు చూశారు? డాక్టరు దగ్గర ఎవరు అరిచారు, బ్యాంకులో ఎవరు అరిచారు, తలుపు తడితే ఎవరు తీశారు? అదొచ్చి సబ్బుపెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది, అంతే, బంగారుకొండ అయిపోయింది. దూరపు కొండలు నునుపు అని పెద్దవాళ్ళే అన్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఒక చిన్న విషయం. అన్నం తింటూ అమ్మ, "ఆ టోకెన్ పారేసుకున్న ఆవిడ ఫోన్ దొరికిందా?" అంది.

అది నేను నిన్న చెల్లితో ఫోన్లో చెప్పిన సంగతి. అమ్మకి చెప్పినట్టు గుర్తులేదు. చెప్పే ఉంటాను. నలభై మూడేళ్ళకే మతిమరుపు.

దొరికిందని చెవిలో చెప్పాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఇవాళ సెలవు. అద్దం ముందు నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను: నాకు కుళ్ళు. దానికి ఇంకో పేరు వెతుక్కోవడం దండగ. ఇక్కడ రాసేశాను.

అమ్మ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్. బోర్డు మీద దీపం వెలిగితే తీగ గుచ్చడం, "లైన్ కలిపాను, మాట్లాడండి" అనడం, ఇంకో దీపం. చెవులు తినేసింది ఆ హెడ్‌సెట్టే. అక్కడ వాళ్ళకో నియమం ఉండేది. లైన్లో ఏది విన్నా లైన్లోనే వదిలెయ్యాలి, గుమ్మం దాటించకూడదు. పెళ్ళాం మొగుడి కొట్లాటలు, కొడుకు చచ్చిపోయాడన్న కబుర్లు, దొంగ ప్రేమలు, ఏవీ ఇంటికి తెచ్చేది కాదు. చిన్నప్పుడు నేను "ఇవాళ ఏం విన్నావమ్మా" అని వేధిస్తే "గంట కొట్టింది విన్నాను" అనేది.

అమ్మ డ్యూటీలో ఉంటే చెల్లిని పెంచింది నేను. నాకప్పుడు తొమ్మిది, దానికి మూడు. జడలు వేశాను, ముక్కు తుడిచాను, జ్వరమొస్తే పక్కన పడుకున్నాను. అమ్మ ఇంటికి రాగానే అది నన్ను వదిలేసి పరిగెత్తేది. అమ్మ దాన్నే ఎత్తుకునేది, చిన్నది కదా. నేను సంచీ అందుకునేదాన్ని. ఆ సంచీ ఇంకా నా చేతిలోనే ఉందనిపిస్తుంది.

తర్వాత దానికి ఉద్యోగం, మంచి మొగుడు, ఇద్దరు పిల్లలు, కింది గది. నా పెళ్ళి రెండేళ్ళ ముచ్చట. ఆ సంగతి పాత డైరీలో ఉంది, అక్కడే ఉండనీ. ఇన్నేళ్ళకి నాకంటూ మిగిలింది అమ్మ కుడి చెవి. ఎడమ దానిలో అరిచినా లాభం లేదు, కుడి దానిలో నా గొంతు ఒక్కటే పట్టేది. చెల్లి ఎంత అరిచినా "ఏమంటోందే" అని నా వైపు తిరిగేది. ఆ మాట వినడానికి అది వచ్చినప్పుడల్లా పనులు మానుకుని పక్కనే కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఆ చెవిని కూడా తీసుకుంటానంటోంది చెల్లి.

అమ్మకి వినపడాలని నాకూ ఉంది. ఎందుకుండదు. కానీ ముందు నా మాట వినపడాలి.

ఫిబ్రవరి 17, సోమవారం

అడాప్టర్ చేతిలోకి తీసుకున్నాను. ఎవరో తొందరలో ఉన్న ఆడమనిషి వచ్చింది, ఆవిడ ఫోన్‌కి పెట్టేశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

సాయంత్రం అమ్మ తల దువ్వాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, నేను వెనక నిలబడి. మిషన్లు చెవుల్లోనే ఉన్నాయి. నేను రాగానే చెవి తట్టి చెయ్యి ఊపింది, రోజూ ఊపినట్టే.

వెనక నుంచి మాట్లాడితే అమ్మకి పెదాలు కూడా కనపడవు. ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. చిక్కు తీస్తూ తీస్తూ మామూలు గొంతుతో, టీ పెట్టనా అన్నంత మామూలుగా అన్నాను. "నీ మిషన్ పాడవలేదమ్మా. నేనే సరిగా చార్జింగ్ పెట్టడంలేదు. టీవీ ఆపితే కరెంటు రాదని నాకు తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసేమో కూడా. నువ్వు దాంతో నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయింది. నిన్ను పంపించమంటోంది. పంపించను. నువ్వెళ్ళిపోతే అయిదింటికి ఈ ఇంట్లో ఎవరున్నారు నాకు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఒక సామెత ఉంది. ఊదినవాడి గుండె తేలికవుతుందని ఆ సామెతలో చెప్పలేదు.

అమ్మ ఒళ్ళో రాలిన వెంట్రుకలు ఏరుకుంది. కొంతసేపటికి, "దువ్వెన గట్టిగా లాగుతున్నావే" అంది. నేను మెల్లగా దువ్వాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మే టీ పెట్టి ఉంచింది. రెండు కప్పులు. ఎన్నేళ్ళయిందో ఆవిడ నాకు టీ పెట్టి.

ఫిబ్రవరి 22, శనివారం

చెల్లి రేపు కాదు, పై ఆదివారం వస్తోందట. కారులో. మిషన్ డాక్టరుకి చూపించి, తేలకపోతే కంపెనీకి తిప్పి పంపిస్తుందట. అమ్మని కూడా తీసుకెళ్తుందట.

"అమ్మ రానంటోంది" అన్నాను. "ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ రాదట. నీ దగ్గర కొత్తట."

మైకు గొంతు కూడా మూగపోతుందని మొదటిసారి తెలిసింది. "నిజంగా అలా అందా?" అంది.

"నేనెందుకు కల్పించి చెప్తానే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అదేమీ అనకముందే ఆ మాటన్నాను.

అమ్మ చెవిలో ఏం చెప్పానంటే, "చిన్నదానికి ఈ ఏడాది నిన్ను పెట్టుకోవడం కుదరదట. ఆదివారం ఊరికే చూసి పోతుందట."

"అలాగా" అంది అమ్మ. "పోనీలే, దానికెన్ని పనులో." తన చెయ్యి నా ముంజేతి మీదే ఉంది, తియ్యలేదు. ఈ ముంజేయి ఆవిడకి అలవాటు. ఇది చెల్లికి లేదు.

ఆదివారం ముగ్గురం ఒక గదిలో ఉంటాం. అప్పుడెలాగో తెలియదు. మిషన్లు ఆరిపోయి ఉంటే చాలు, మాట నా మీదుగానే పోవాలి.

ఫిబ్రవరి 26, బుధవారం

అడాప్టర్ ఆదివారం తర్వాత తెస్తాను.

మార్చి 1, శనివారం

అక్షరాలు సరిగా రావడంలేదు.

పొద్దున్న కరెంటు పోయింది, మధ్యాహ్నం దాకా రాలేదు. మూడింటికి ఇంటికొస్తే అమ్మ చెవుల్లో మిషన్లు లేవు. టీవీ దగ్గర పెట్టె లేదు. టీవీ వెనక వైరు లేదు. ఏమైందని చెవిలో అడిగితే అమ్మ చేతి గోళ్ళు చూసుకుంది.

అప్పుడే తలుపు కొట్టారు. కింద ఇంటి టైలరమ్మ. చేతిలో తెల్ల పెట్టె, వైరు.

"అమ్మగారి పెట్టెండీ. ఇవాళ కరెంటు లేటుగా వచ్చింది కదా, ఇప్పుడే ఆకుపచ్చ వెలిగింది. రోజూ పదకొండుకల్లా అయిపోయేది."

"రోజూనా?" అన్నాను.

"మూడు వారాలయింది. మీరు డ్యూటీకి వెళ్ళాక ఎనిమిదింటికి తెచ్చి ఇస్తారు. మా ఆయన ఫోన్ అడాప్టర్‌కి పెడతాను, నా కుట్టు మిషన్ బల్ల మీదే ఉంటుంది. నిండాక పెట్టుకుని, కాసేపు నాతో కబుర్లు చెప్పి పైకొస్తారు. మీ ఇంట్లో ప్లగ్గు పాడైందటగా. బాగు చేయించుకోండి, ఆ మెట్లు ఆవిడ వల్ల కావడంలేదు."

తలుపేసి వెనక్కి తిరిగాను. అమ్మ చెయ్యి చాపింది. పెట్టె ఇచ్చాను. రెండు మిషన్లు తీసి, ఒకదాని తర్వాత ఒకటి, నెమ్మదిగా చెవులకి పెట్టుకుంది. నా ముందే. తర్వాత లోపలికి వెళ్ళి బట్టలు మడత పెట్టుకుంది.

మూడు వారాలంటే ఎనిమిదో తేదీ. చెల్లి గది గురించి చెప్పింది పదిన. దాని గొంతు ఫోన్లోంచి గది చివరిదాకా వినపడుతుంది. ట్రంక్ కాల్లో గుసగుసలు పట్టుకున్న మనిషికి అదెంత. టోకెన్ సంగతి పన్నెండున. తల దువ్వింది పద్దెనిమిదిన. దీపం వెలగలేదని నేను చూడకపోతే ఆవిడ చూడదా? ముప్ఫై ఏళ్ళు దీపాలే చూసింది.

అంతా విన్నది. నేను చెల్లికి చెప్పింది విన్నది, చెల్లి నాకు చెప్పింది విన్నది, తనకి నేను చెవిలో పోసింది కూడా విన్నది. ప్రతి అబద్ధానికీ తల వంచి చెవి ఇచ్చింది.

రేపు చెల్లి వస్తోంది.

మార్చి 2, ఆదివారం

వచ్చింది. పదకొండింటికి. అమ్మకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"మిషన్ వినపడుతోందా అమ్మా?"

"వినపడుతోంది."

"మరి రోజూ మధ్యాహ్నానికే ఆరిపోతోందని అక్క చెప్పిందే."

"మొదట్లో అలాగే ఉండేది. ఇప్పుడు కుదురుకుంది."

చెల్లి నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను. అది మళ్ళీ అమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "నా దగ్గరికి రానన్నావట. నీకు నా ఇల్లు కొత్తా?"

వచ్చేసింది. ఇక దాచడానికేమీ లేదు. అమ్మ నోరు తెరిస్తే చెల్లి నా ముఖం మీద ఏమంటుందో నాకు తెలుసు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు, అమ్మని తొక్కనివ్వదు. గుమ్మం చెక్క పట్టుకున్నాను.

"అవును, అన్నాను" అంది అమ్మ. "అప్పుడు రావాలనిపించలేదు. ఇప్పుడనిపించింది. బట్టలు సర్దుకున్నాను కూడా."

నా వైపు కన్నెత్తి చూడలేదు. తిట్టినా బాగుండేది. నలుగురిలో పరువు తీసినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

భోజనాలయ్యాక నాలుగింటికి బయల్దేరారు. "పెట్టె పెట్టుకున్నావా అమ్మా, చార్జింగ్ పెట్టె?" అని చెల్లి అడిగింది. "అన్నీ చూసుకున్నానులే" అంది అమ్మ. మెట్ల మీద చెల్లి అమ్మ భుజం పట్టుకుని దింపింది. సంచీ నేను అందుకున్నాను. కారు తలుపు వేస్తూ అమ్మ నాతో, "తలుపు గడియ సరిగా వేసుకో" అంది. అంతే.

అయిదింటికి ఫోన్ రాలేదు. ఎందుకొస్తుంది, చెయ్యాల్సిన ఇద్దరూ కారులోనే ఉన్నారు. అమ్మ ముందు సీట్లో కూర్చుని అన్నీ వింటూ పోతోంది, బండి హారన్లు, పాటలు, దాని మైకు గొంతు. నాకు ఒళ్ళంతా మండింది. తప్పు నాదేనని తెలిసినా మండింది.

ఆరింటికి టీవీ పెడదామని లేచాను. టీవీ మీద తెల్ల పెట్టె ఉంది.

వెనక కాదు, పైన, కనపడేలా. వైరు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, కొస లోపలికి దోపి ఉంది. ఎక్స్‌ఛేంజ్‌లో తీగలు అలాగే చుట్టేవాళ్ళు. ఈ ఇంట్లో అలా చుట్టేది ఒక్క మనిషే. ఆవిడ ఏదీ మర్చిపోదు.

కూర్చుండిపోయాను. మిషన్లలో ఉన్న చార్జింగ్ రేపు పొద్దున దాకా వస్తుంది. ఆ తర్వాత చెల్లి ఇంట్లో అమ్మకి ఏమీ వినపడదు. అది ఎంత అరిచినా కుడి చెవికి పట్టదు. "ఏమంటోందే" అని అమ్మ పక్కకి తిరిగితే పక్కన నేనుండను. రెండు రోజులు, మూడు రోజులు చూస్తారు. తిప్పి పంపించేస్తారు. నేను చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. అందులో నాకు నెల రోజుల అనుభవం ఉంది.

ఏడున్నరకి చెల్లి ఫోన్. "అక్కా, పెట్టె అక్కడే ఉండిపోయినట్టుంది. అమ్మ పెట్టుకున్నానంది, సంచీలో లేదు. కొరియర్‌లో..."

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. "దాన్ని కంగారు పెట్టకే. అది తెస్తుంది."

ఫోన్ పెట్టేశాక పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, ఖాళీ గుంటలు రెండూ చూస్తూ కూర్చున్నాను.

మార్చి 3, సోమవారం

మొదటి బస్సు అయిదున్నరకి. నా బదులు డ్యూటీకి ఇంకొకరిని ఒప్పించి, కౌంటర్ తాళం తీసి, డ్రాయర్లోంచి అడాప్టర్ ఒకటి తీసుకున్నాను. చెయ్యి పెట్టాను, తీశాను, అర నిమిషం పని. నాలుగు వారాలు పట్టింది.

పదింటికి చేరాను. చెల్లి ఆఫీసుకి, మరిది పనికి, పిల్లలు బడికి వెళ్ళిపోయారు. అమ్మ తలుపు తీసి, "టిఫిన్ తిన్నావా" అంది. తినలేదంటే బ్రెడ్డు కాల్చి పెట్టింది. చెల్లి వంటింట్లో అమ్మకి ఒక్కరోజులోనే చాకు ఎక్కడుందో తెలిసిపోయింది. అది కూడా నాకు కష్టంగానే ఉంది, రాస్తున్నాను.

కింది గది బాగుంది. గాలి, వెలుతురు, కిటికీ కింద మొక్కలు. మంచం పక్కన గోడలోనే యూఎస్‌బీ రంధ్రాలున్నాయి, రెండు. అడాప్టరే అక్కర్లేదు. దాని ఇంట్లో గోడలు కూడా నన్ను వెక్కిరిస్తాయి. చేతిలో అడాప్టర్ పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ చూసింది. "తెచ్చావుగా. అదే పెట్టు" అంది.

కింద ఉన్న మామూలు ప్లగ్గులో అడాప్టర్ పెట్టి, వైరు గుచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుంది. నేను కూర్చోలేదు.

"అన్నీ విన్నావు" అన్నాను.

"విన్నాను."

"అబద్ధాలని తెలిసి కూడా చెవి పెట్టి విన్నావు."

"ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళవన్నీ విన్నాను. నీవొక లెక్కా."

"ఎందుకమ్మా?"

అమ్మ పక్క దుప్పటి సరిచేసింది. "మిషన్ వచ్చిన మర్నాడు, చిన్నదాని ఫోన్ వస్తే నువ్వు లేచి వంటింట్లోకి పోయావు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది, కడిగినవే కడుగుతున్నావు. మిషన్ పాడైందనుకున్నాక మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చున్నావు. పోనీలే అనుకున్నాను. నువ్వే చెప్తావని చూశాను."

"చెప్పాను. తల దువ్వుతూ."

"వీపుకి చెప్పావు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోలేదు. ఏడుస్తూ కూడా ఒకటి అడిగాను, అడక్కుండా ఉండలేకపోయాను. "ఇక్కడే ఉండిపోతావా?"

"మూడు నెలలుంటాను. చిన్నది కూడా నా పిల్లేగా. తర్వాత వస్తాను. ఈలోగా ఆ టీవీ పక్కన ప్లగ్గు వేయించు."

అప్పుడే మిషన్లు కుయ్‌మన్నాయట, చార్జింగ్ అయిపోతోందని. అమ్మ రెండూ తీసి పెట్టెలో గుంటల్లో పెట్టింది. నారింజ దీపం వెలిగింది. నిండడానికి మూడు గంటలు పడుతుంది. అమ్మ దీపం ఒకసారి చూసుకుని మూత వేసింది. గదిలో ఆవిడకి ఇక ఏమీ వినపడదు, ఈసారి నిజంగానే. పక్కన మంచం తట్టింది. కూర్చున్నాను. నా ముంజేయి పట్టుకుని, కుడి చెవి నా నోటి దగ్గరికి వంచింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

చెప్పాను. మధ్యాహ్నం దాకా చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. లైన్లో మాట లైన్లోనే వదిలెయ్యాలి.